అమ్మ నోట నీ పేరు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అమ్మ అంగన్‌వాడీ పనంతా ఇప్పుడు ఫోన్‌లోకి మారింది. రేపు సూపర్‌వైజర్ మేడం ముందు తన వివరాలు తానే నింపి చూపాలి. టైపు చేయడం రాక, "నౌకరీ ఇడిసిపెడత బిడ్డా" అంటోంది.

మైకు నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని నేర్పాను. తన పేరు, మన ఊరు మరైగూడ, అన్నీ చెప్పింది. భర్త పేరు దగ్గర ఆగి, "మీ నాయన" అంది. ఫోను 'మీ నాయన' అనే రాసింది. ఇన్నేళ్లలో నీ పేరు ఎన్నడూ పలకలేదు కదా.

నవ్వాపుకుని, "నేను రాస్తాలే" అన్నాను.

"ఏంది, రేపు మేడం ముందట గూడ నువ్వే రాస్తవా? జర బయటికి పో."

తలుపు అవతల నిలబడి విన్నాను. మొదట గొణిగింది, ఫోనుకు అందలేదు. రెండోసారి పొలందాకా వినపడేలా పలికింది.