పాప నా చంక ఎక్కాలి!

అక్టోబర్ 6, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ. ఒకే ఒక్క తీర్మానం: వచ్చే సోమవారంలోగా నా కూతురు ఆరాధన నా చంక ఎక్కాలి. ఏడవకుండా!

పాపకు పది నెలలు. అది పుట్టినప్పటి నుంచి నేను మధిరలో ఆర్టీసీ కండక్టర్‌ని. నా భార్య అక్సా ఇక్కడ భద్రాచలంలో నర్సు. నేను నెలకు రెండుసార్లు వచ్చి, పాప నిద్రపోతుంటే ముద్దుగా చూసి, లేవగానే ఏడిపించి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు బదిలీ దొరికింది. ఇన్నాళ్లూ పాపను పెంచింది మా బామ్మర్ది బెన్నీ. వాడికి ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం పోతాడు. అదే రోజు నుంచి అక్సాకు పొద్దుటి డ్యూటీ, నాకు మధ్యాహ్నం డ్యూటీ. అంటే పొద్దున్నంతా నేనూ పాపా. ఇద్దరమే!

భయమేముంది? నిండు బస్సును ఒక్క విజిల్‌తో ఆపే మనిషిని. ఎనిమిది కిలోల పిల్ల ఎంత?

సాయంత్రం: చేతులు చాచాను. టికెట్ లేని ప్రయాణికుణ్ణి నేను చూసినట్టు, పైనుంచి కిందికి చూసింది. ఏడ్చింది. మొదటి రోజు కదా!

అక్టోబర్ 7, మంగళవారం

విజిల్ ఊదాను. బస్సులో పిల్లలకు అదంటే ప్రాణం. ఆరాధన గబగబా పాకుతూ పోయి బెన్నీ లుంగీ పట్టుకుని వేలాడింది.

"బావా, దిగుమన్నవనుకున్నది గావచ్చు" అన్నాడు బెన్నీ. నాకు నవ్వు రాలేదు.

అక్సా చెప్పింది: "గీ వయసుల పిల్లలు గట్లనే ఉంటరు. రోజూ ఎత్తుకునేటోళ్లను పట్టుకుంటరు, కొత్తోళ్లను చూస్తే భయపడతరు. జబర్దస్తీ చెయ్యకు. ఊకే పక్కన కూసో. అదే వస్తది."

"నేను కొత్తోణ్ణా? కన్నతండ్రిని!"

"గా ముచ్చట దానికెవరు చెప్పిండ్రు?"

ఊకే కూర్చోవడం నా వల్ల కాదు. రేపు అసలు ప్లాను.

అక్టోబర్ 8, బుధవారం

బెన్నీకి మీసం లేదు. నాకుంది. తేడా అక్కడే ఉంది! పెళ్లికి ముందు నుంచి పెంచుకున్న మీసం, కూతురి కోసం గీసేశాను.

ఫలితం: అక్సా నన్ను చూసి, ఎవరో వచ్చారనుకుని కొంగు సర్దుకుంది. పాప మాత్రం వెంటనే గుర్తుపట్టింది. ఏడ్చింది.

అక్టోబర్ 10, శుక్రవారం

నిన్న రాయలేదు. నిన్న రాయడానికి ఏమీ లేదు, ఏడుపు తప్ప.

ఈ రోజు వాసన ప్లాను. బెన్నీ విడిచిన చొక్కా తొడుక్కున్నాను. బొత్తాలు పట్టలేదు. వెనక నుంచి వెళ్లి మెల్లగా ఎత్తుకున్నాను. అబ్బ! భుజం మీద తల పెట్టేసింది! గోడవైపు తిరిగి, గొంతు మార్చి, లాలి కూడా పాడాను. అది తల ఎత్తి నా మొహం చూసింది. ఆ చూపు నేను జన్మలో మరచిపోను. దాని ఏడుపుకు వీధి వీధంతా బయటికి వచ్చింది.

పళ్లు వస్తున్నాయి, అందుకే చిరాకు. నీళ్లు మారాయి. (నాకు మారాయి, పాపకు కాదు. అయినా సరే.) బెన్నీ కావాలనే గారాబం ఎక్కువ చేస్తున్నాడు.

నిర్ణయం: తీర్మానం రద్దు. పెద్దయ్యాక ఫీజులు కట్టడానికి నా దగ్గరికే వస్తుందిగా, అప్పుడు చూసుకుందాం.

"ఏడుస్తున్నవా?" అంది అక్సా.

"లేదు. మీసం తీసినకాడ మండుతుంది."

అక్టోబర్ 12, ఆదివారం

చర్చికి వెళ్లాం. అక్సా పాటల బృందంలో నిలబడింది. బెన్నీ బండి పెట్టడానికి వెళ్లాడు. ఈలోగా పక్కవీధి సవరమ్మ అత్తయ్య వచ్చి, "నా బంగారమా!" అని పాపను లాక్కుంది. పాప కెవ్వుమంది. చుట్టూ చూసింది. అన్నీ తెలియని మొహాలే. చివరికి నన్ను చూసింది.

రెండు చేతులూ చాచింది. నావైపు! నావైపే!

ఎత్తుకున్నాను. నా కాలర్ గట్టిగా పట్టుకుని, మెడలో మొహం దాచుకుని వెక్కింది. ఆ తర్వాత పాస్టర్ గారు ఏం చెప్పారో తెలియదు. ఎవరూ అనని చోట నేనొక్కణ్ణే "ఆమెన్" అన్నాను.

"చూసినవా, తండ్రిని గుర్తువట్టింది!" అంది సవరమ్మ అత్తయ్య.

అంతలో బెన్నీ లోపలికి వచ్చాడు. పాప నా మీద నుంచి వాడి మీదికి దూకింది. అంటే నేను అసలు బస్సు వచ్చేదాకా నిలబడడానికి దొరికిన నీడనన్నమాట. పోనీలే! నీడైతే అయ్యాను.

అక్టోబర్ 13, సోమవారం

బెన్నీ వెళ్లిపోయాడు. వాడు ఎప్పుడు పోతాడా అని వారమంతా ఎదురుచూసిన వాణ్ణి. బస్టాండులో పాపను నాకిచ్చి వాడు బస్సెక్కి, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కాడు. "జర మంచిగ చూసుకో బావా" అన్నాడు. నేను వాడి మొహం చూడలేకపోయాను.

అక్సా అటు నుంచి అటే డ్యూటీకి వెళ్లింది. ఇంటికి రాగానే పాప తలుపు దాకా పాకి, అరచేత్తో కొడుతూ "బె... బె..." అని ఏడ్చింది. నా దగ్గర ఇక ప్లాన్లేమీ లేవు. పక్కన నేల మీద కూలబడ్డాను.

"నాకు గూడ వాడు యాదికొస్తుండురా" అన్నాను. నిజమే అన్నాను.

అది చాలాసేపు ఏడ్చింది. నేను ముట్టుకోలేదు, పక్కనుంచి కదల్లేదు. అలసిపోయాక, నావైపు చూడకుండానే, ఒక చెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది. తర్వాత తల పెట్టింది. నిద్రపోయింది.

కాలు తిమ్మిరెక్కింది. నీళ్లు తాగాలనిపించింది. ఫోను మోగింది. కదల్లేదు.

అక్సా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "లే, నీ డ్యూటీకి టైమైతుంది" అంది మెల్లగా.

"హుష్! పాప లేస్తది."

అక్టోబర్ 14, మంగళవారం

పొద్దున పాప కళ్లు తెరిచింది. నన్ను చూసింది. ఏడ్చింది!

నిన్నటిదంతా ఏమైంది?! అక్సాను అడిగితే, "ఒక్కనాటికే అయితదా?" అని చెప్పులేసుకుని డ్యూటీకి పోయింది.

బెన్నీ వీడియో కాల్ చేశాడు. పాప ఫోన్ మీద పడి ముద్దులు పెట్టింది. ఫోన్ నా చేతిలో ఉంది కాబట్టి నా వేళ్లకూ కొన్ని తగిలాయి. అవి నావే. ఎవరికీ ఇవ్వను.

కాబట్టి ఈ రోజు నుంచి మళ్లీ తీర్మానం: ఆరాధన నా చంక ఎక్కాలి. గడువు పెట్టడం లేదు. నేల మీద కూర్చునే రాస్తున్నాను.