గేటు దగ్గర మరక

అల్ఫారెట్టా,
మార్చి 3

ప్రియమైన ప్రసూనా,

ఫోన్‌లో మాట్లాడదామంటే అక్కడ రష్మి, ఇక్కడ శశికాంత్ స్పీకర్ పెట్టేస్తారు. కూతురూ కొడుకూ వింటుండగా పెళ్ళాన్ని బాగున్నావా అని అడగడం నా వల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం. పసిదానికి నీళ్ళు పోయడం ఒక్కదానివే నెత్తినేసుకోకు, నడుం పట్టేస్తుంది.

నాకిక్కడ పని దొరికిందోయ్! పక్కింటి డొరీన్ గారు లేరూ, ఎనభై ఆరేళ్ళావిడ, పెళ్ళయ్యాక ఇంగ్లండు నుంచి ఇక్కడికి, అమెరికా వచ్చారు. వాళ్ళ నాన్న తొంభై ఏళ్ళ కిందట సైకిలు మీద ఊరూరా తిరిగి చర్చిల ఫోటోలు తీసేవారట. గాజు నెగటివ్‌లు చెక్కపెట్టె నిండా ఉన్నాయి. అన్నీ చిన్న ఊళ్ళ చర్చిలే. రాతి బురుజులు, ఒరిగిపోయిన సమాధిరాళ్ళు, గోడవార మేసే గొర్రెలు. నేను శుభ్రం చేసి ఇస్తే శశి స్కాన్ చేస్తున్నాడు. తెనాలిలో మన ఫోటో స్టూడియోలో ముప్పై ఆరేళ్ళు నెగటివ్‌ల మీద మచ్చలు దిద్దే టచింగ్ పని చేశానని చెప్పగానే ఆవిడ పెట్టె మొత్తం నా చేతిలో పెట్టేశారు.

నిన్న ఒకదాంట్లో చర్చి గేటు దగ్గర వేలెడంత నల్లమరక. కెమికల్ సరిగా కడగనట్టుంది. బ్లేడుతో అరగంట గీకి లేపేశాను. ఈ వయసులో కూడా చెయ్యి వణకలేదు, తెలుసా!

నీ
చక్రపాణి


బాతెల్,
మార్చి 9

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చూసి రష్మి "అమ్మా, లవ్ లెటరా?" అని ఒకటే ఆటపట్టించడం. సిగ్గుతో చచ్చాను. చంటిది ఆద్య బాగుంది. నా నడుం కూడా బాగానే ఉంది.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ మరక నేల దగ్గరే మొదలైందా? పైన సన్నగా, కింద వెడల్పుగా ఉందా? పెళ్ళి గ్రూపు ఫోటోల్లో అడ్డంగా పరిగెత్తిన పిల్లల్ని ఎంతమందిని చూడలేదు మనం? ఆ ప్రింట్లన్నీ ఆరబెట్టింది నేనే కదా. తెల్లబట్టలు కట్టుకున్న మనిషి కదిలితే నెగటివ్ మీద నల్లమరకే పడుతుంది. మీకు తెలియనిదా? బ్లేడు చేతికొస్తే మీకిక ముందూ వెనకా కనపడవు. ఒకసారి ఆవిడని అడగండి.

మీ
ప్రసూన


అల్ఫారెట్టా,
మార్చి 16

ప్రియమైన ప్రసూనా,

నువ్వన్నదే నిజం. అది మనిషే. డొరీన్ గారి తల్లి.

నేను అడగకముందే ఆవిడే చెప్పారు. నాన్నగారు కెమెరా తెరిచి ఉంచి అంకెలు లెక్కపెడుతుంటే, గొర్రెలు చర్చి ఆవరణలోకి వచ్చేస్తున్నాయని వాళ్ళమ్మ గేటు వేయడానికి పరిగెత్తిందట. ఆయన కోప్పడ్డారట గానీ ఆ గాజుపలక పారేయలేదట. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ఇంటిమీద బాంబు పడి ఉన్న ఫోటోలన్నీ పోయాయి. చర్చిలో దాచిన ఈ పెట్టె ఒక్కటే మిగిలింది. ఆ తల్లికి వేరే ఫోటో లేదు ప్రసూనా. ఏప్రిల్ 12న డొరీన్ గారు తన పుట్టినరోజుకి ఆ ఒక్కటీ పెద్ద ప్రింటు వేయించి గోడకి పెట్టుకుంటారట.

నేను తలూపి వచ్చేశాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. స్కాన్ కూడా గీకేశాక తీసిందే. పాత గాజు కదా, పొర దానంతటదే లేచిపోయిందని చెబితే నమ్ముతారంటావా? నా మీద నమ్మకంతో పెట్టె మొత్తం ఇచ్చిన మనిషి ముఖం ఎలా చూడను?

నీ
చక్రపాణి


బాతెల్,
మార్చి 22

ప్రియమైన మీకు,

నమ్ముతారు. అందుకే చెప్పొద్దంటున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో మీ నోట ఒక్క అబద్ధం వినలేదు, ఇప్పుడు మొదలుపెట్టకండి.

చర్చి గోడ అయితే నేనూ పోనీలెండి అనేదాన్ని. తల్లండీ! ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళండి. తిడితే పడండి. తలుపేస్తే మర్నాడు మళ్ళీ వెళ్ళండి. మీ పక్కన నేను లేనని బెంగగా ఉంది. కాస్త పెరుగన్నమైనా తినండి.

మీ
ప్రసూన


అల్ఫారెట్టా,
ఏప్రిల్ 13

నా ప్రియమైన ప్రసూనా,

నీ ఉత్తరం అందిన రోజే వెళ్ళి చెప్పేశాను. ఆవిడ గాజుపలకని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. దయచేసి వెళ్ళండి అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

రోజూ వెళ్ళి బెల్ కొట్టి, తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. ఎనిమిదో రోజు తలుపు తీశారు. "మీరే తీసేశారు, మీరే తెచ్చిపెట్టండి" అన్నారు.

శశి పెద్ద ప్రింట్లు రెండు వేయించాడు. మొదటిదాని మీద గేటు దగ్గర ఒక ఆడమనిషిని వేశాను. తెల్ల ఏప్రన్, చుట్టిన జుట్టు, చక్కటి ముఖం. నా జన్మలో అంత బాగా వేసి ఎరగను. ఆవిడ చూసి, "చాలా బాగుంది. ఎవరీమె?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

మీ అమ్మగారు ఎలా ఉండేవారని అడిగాను. ముఖం సరిగ్గా గుర్తులేదట. ఈవిడకి ఏడేళ్ళప్పుడే పోయారు. "నడక మాత్రం గుర్తుంది" అంటూ వాకర్ వదిలేసి లేచారు. ఒక చెయ్యి సోఫా మీద ఆనించి, రెండో చేత్తో గౌను అంచు పైకెత్తి పట్టుకుని, హుష్ హుష్ అంటూ గబగబా నాలుగడుగులు వేశారు. పడిపోతారేమోనని నేను వెనకాలే లేచాను. సిగ్గు విడిచి ఇంకోసారి చూపించమన్నాను. చూపించారు.

ఇంటికొచ్చి రెండో ప్రింటు తీశాను. తెల్లరంగు పెట్టి, ఆవిడ నడిచి చూపిన తీరునే తడి కుంచెతో లాగి వదిలేశాను. ముఖం వేయలేదు. కదలొద్దు, కదలొద్దు అని జనం మీద జీవితమంతా అరిచినవాణ్ణి, కదిలే మనిషిని వేయడం ఇదే మొదలు.

నిన్న పుట్టినరోజు. ప్రింటు ఇచ్చి దూరంగా నిలబడ్డాను. ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాత తెల్లమరక మీద వేలు పెట్టి, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు: "అమ్మ. గేటు వేయడానికి వెళ్తోంది."

ఇట్టే తిరిగొచ్చేస్తుంది అన్నట్టు అన్నారు ప్రసూనా. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

నీ
చక్రపాణి