కాయల లారీలో వచ్చిన గ్రీకు నిఘంటువు

బెంగళూరు

తాతగారూ, మీకు ఫోన్లో వినబడదని కార్డు రాస్తున్నాను. నేను కులాసా.

చనిపోయిన బాబాయి గ్రీకు నిఘంటువు చేరింది. పోస్టులో నలిగిపోతుందని మీరు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ ఎక్కించారు. దారిలో కాయ పగిలి, నీళ్లన్నీ దానిమీదే కారాయి. అంటుకున్న పేజీలు విడదీస్తే, అంచుల్లో బాబాయి పెన్సిల్‌తో రాసుకున్న అర్థాలు కాగితంతోపాటు ఊడొచ్చాయి. "ఎండలో పెట్టండమ్మా, ఆరిపోద్దండి" అన్నాడు డ్రైవర్ అంజిబాబు. పెడితే చీమలు పట్టాయి.

గ్రీకు పరీక్షకు లైబ్రరీ పుస్తకం చూసుకుంటాను. మామ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పుస్తకం సంగతి ఆవిడకు చెప్పకండి.

బాబాయి లాటిన్ నిఘంటువు మాత్రం పంపొద్దు. అటక మీద ఎండు కొబ్బరి కురిడీల పక్కనుంచి దింపించి, మీ మంచం దగ్గర పెట్టుకోండి. ఆయన చేతిరాత ఇంక అందులోనే ఉంది.

మీ ఇద్దరి పాదాలకు నమస్కారాలతో,
కావ్య