రాజయ్య మెడలో దండ

మంగళవారం రాత్రి

నా పేరు పోశవ్వ, వయసు డెబ్బై దాటింది. గోదావరిఖని క్వార్టర్‌లో కొడుకు రాజయ్య, కోడలు స్వరూపతో ఉంటాను. నేను చెబుతుంటే స్వరూప రాస్తోంది.

తెలంగాణ కోసమని చౌరస్తాలో టెంటు వేసి, రోజుకు కొందరు పొద్దంతా పస్తుంటున్నారు. పస్తుంటే రాష్ట్రం వస్తుందా? ఈరోజు షుగరున్న రాజయ్య కూడా దండ వేయించుకుని కూర్చున్నాడు. సద్ది డబ్బా పట్టుకుపోయాను.

"దండ పడ్డంక పొద్దుగూకే దాక తినొద్దవ్వా," అన్నాడు అక్కడి నాయకుడు.

"వీడు కండ్లు తిరిగి పడితే నువ్వు మోస్తవా బిడ్డా?"

ఆ దండ తీసి నా మెడలో వేసుకున్నాను. "నీ పస్తు నేనుంట. తినురా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో! నేను కూర్చున్నది వాడి బుక్కెడు అన్నం కోసం. రేపూ కూర్చుంటాడట, మొండివాడు. రేపూ డబ్బా పట్టుకుపోవాలి...

పోశవ్వ వేలిముద్ర.
సాక్షులు: రాసిన కోడలు స్వరూప, తిన్న కొడుకు రాజయ్య.