లిఫ్టు మెకానిక్కు మెట్లెక్కితే

జనవరి 4, ఉదయం 6.10

నిర్ణయం తీసేసుకున్నాను. మే నెలలో హిమాలయాల్లో ఒక మంచు శిఖరం ఎక్కుతున్నాను. ఎత్తు ఆరువేల రెండొందల మీటర్లు. గైడు ఉంటాడు. డేరాలు వాళ్ళే వేస్తారు, వంట వాళ్ళే చేస్తారు. మనం ఎక్కడమే.

ఎందుకో కూడా రాసిపెట్టుకోవాలి, తర్వాత మర్చిపోతాను. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మెకానిక్కుని. ఈ ఊళ్ళో నేను పైదాకా వెళ్ళని పెద్ద భవనం లేదు. ఒక్కటీ నా కాళ్ళతో ఎక్కలేదు. నిన్న నేను రిపేరు చేసిన లిఫ్టులో అద్దం ఉంది. ఆ సంగతి పొట్ట దగ్గర స్పష్టంగా కనిపించింది.

పథకం:
1. రోజూ మెట్లు. ఈ వారం పది అంతస్తులు, వచ్చే వారం ఇరవై.
2. పంచదార బంద్.
3. అత్తయ్యగారికి తెలియకూడదు.

మా ఆవిడకు చెప్పాను. కళ్ళజోళ్ళ షాపుకి టైమైపోతోందని హడావిడిలో ఉంది. "మంచిదండీ, వచ్చేటప్పుడు సబ్బులు తీసుకురండి" అంది. నా మాట చెవికెక్కినట్టు లేదు.

సాయంత్రం 7.00

అత్తయ్యగారికి తెలిసిపోయింది.

ఆవిడకు డెబ్భై ఒకటి. ఆరేళ్ళుగా మాతోనే ఉంటున్నారు. మాది ఐదో అంతస్తు. ఇంటికి వచ్చిన మొదటిరోజే మా భవనం లిఫ్టు ఆవిడను రెండు, మూడు అంతస్తుల మధ్య నలభై నిమిషాలు ఆపేసింది. ఆ లిఫ్టు నా చేతికింది లిఫ్టే. ఆరోజు నుంచి ఆవిడ దాని మొహం చూడలేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మెట్లే.

విషయం విని పొయ్యి మంట తగ్గించారు. తర్వాత అడిగారు. "కొండకి లిఫ్టు పెడుతున్నారా, అల్లుడుగారూ?"

జనవరి 9, ఉదయం 8.30

దరఖాస్తు ఫారం వచ్చింది. పేరు, వయసు, బూటు సైజు, అన్నీ చకచకా రాసేశాను. ఒక్క గడి దగ్గర ఆగాను. "ఇంతకుముందు చేరిన గరిష్ఠ ఎత్తు, మీటర్లలో."

నిజం రాస్తే ముప్ఫై ఒకటో అంతస్తు. తొంభై మూడు మీటర్లు. పరువు పోతుంది.

బాగా ఆలోచిస్తే దారి దొరికింది. ఆ భవనంలో లిఫ్టుకి బరువు పరీక్ష చేసినరోజు పైకి యాభై ఎనిమిదిసార్లు వెళ్ళాను. తొంభై మూడు ఇంటూ యాభై ఎనిమిది, అటూ ఇటూగా ఐదువేల నాలుగొందలు. వెళ్ళింది నేనే. ఒక్కసారే వెళ్ళి ఉండాలని ఫారంలో ఎక్కడా లేదు.

రాశాను: 5,400.

కింద "పై వివరాలు సరిచూశాను" అని ఉంది, సంతకం చేయాలి. నెలనెలా ప్రతి లిఫ్టు తనిఖీ కార్డు మీదా నేను రాసే మాట అదే. తాడు చూడకుండా, బ్రేకు చూడకుండా ఈ ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. ఈసారి కొంచెం తొందరగా రాశాను.

జనవరి 15, మధ్యాహ్నం 1.00

గైడు ఫోన్ చేశాడు. గొంతులో ఎంత గౌరవమో. "ఐదువేల నాలుగొందలు వెళ్ళొచ్చారంటే మీకు ప్రాథమిక శిక్షణ అక్కర్లేదు సార్. నేరుగా వచ్చేయండి."

నేలమీద కాలు ఆనలేదు. ఆ ఊపులో పంచదార లేకుండా టీ తాగాను. సగం.

జనవరి 20

సాధన మొదలు. డ్యూటీలోనే, పద్నాలుగు అంతస్తుల భవనంలో. యూనిఫాంలో, పనిముట్ల సంచి భుజాన వేసుకుని.

9.05: ఒకటో అంతస్తు. హుషారు.
9.09: నాలుగు. హుషారు నా వెనకాల వస్తోంది.
9.15: ఆరు. ఒకావిడ తలుపు తీసి నన్ను చూసి అదిరిపోయింది. "అయ్యో, మళ్ళీ పాడైందా?"
9.16: పాడవలేదని చెప్పాలి. ఊపిరి ఆడితే కదా చెప్పడానికి. చెయ్యి ఊపాను.
9.17: ఆ చెయ్యి ఊపడం ఆవిడకు ఇంకోలా అర్థమైంది.

సాయంత్రానికి ఆఫీసుకి నలభై ఒక్క ఫోన్లు. లిఫ్టు మెకానిక్కే మెట్లెక్కుతున్నాడంటే లోపల తాడు తెగే ఉంటుందని. ఆ భవనంలో ఒక్కరూ లిఫ్టు ఎక్కలేదట. పన్నెండో అంతస్తు పెద్దాయన కిందికి దిగనని గట్టిగా కూర్చున్నాడట.

జనవరి 21

సూపర్‌వైజరు పిలిచాడు. "అన్నా, నీకు దండం పెడతాను. డ్యూటీలో మెట్ల వైపు చూడకు."

ఆజ్ఞ ఆజ్ఞే. నా చేతుల్లో ఏముంది? లోపల కొంచెం సంతోషం కలిగిన మాట వాస్తవం.

ఫిబ్రవరి 11, సాయంత్రం 6.00

ఇంటి మెట్లే గతి. పదిహేను కిలోల సంచి తగిలించుకున్నాను. రెండో అంతస్తు దగ్గర వెనక చెప్పుల చప్పుడు. అత్తయ్యగారు, చేతిలో కూరగాయల సంచి. "కాస్త పక్కకి జరుగుతారా" అని నన్ను దాటేశారు.

ఆవిడను మూడో అంతస్తులో అందుకున్నాను. అందుకున్నానంటే, ఆవిడ ఆగారు. ఎప్పుడూ అక్కడే ఆగుతారు. సంచి కింద పెట్టి, నడుముమీద చెయ్యేసి, ఒక నిమిషం.

"అలసిపోయారా?" అన్నాను. కొంచెం ఆశగా.

"లేదు. అలసిపోయాక ఆగితే ఏం లాభం? రేపు మళ్ళీ ఎక్కాలి కదా."

నవ్వాను. శిఖరాలు ఎక్కేవాడికి ఇవి పనికొచ్చే మాటలు కావు.

మార్చి 2

జలుబు. సాధన లేదు.

మార్చి 9

జలుబు తగ్గింది. తిరగబెడుతుందేమోనని సాధన లేదు.

మార్చి 18

ఎత్తు ప్రదేశాల్లో శరీరానికి శక్తి చాలా కావాలని ఒకచోట చదివాను. పంచదార పునఃప్రారంభం. రెండున్నర నెలల లోటు కూడా పూడ్చాలి.

ఏప్రిల్ 20

కొత్త బూట్లు వచ్చాయి. ఒక్కోటి ఇటుకంత బరువు. ముందే కాలికి అలవాటు చేసుకోవాలట. రోజంతా వేసుకుని తిరిగాను. లిఫ్టులో.

మే 6, బేస్ క్యాంపు, 4,300 మీటర్లు

వచ్చేశాను. చుట్టూ కొండలు. ఇంత పెద్దవని ఫొటోల్లో ఎవరూ చెప్పరు. డేరాలోంచి వంట డేరాదాకా ఇరవై అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ప్రకృతిని చూస్తున్నట్టు.

మా బృందంలో నలుగురం. అందులో ఒక లెక్కల టీచరమ్మ ఉన్నారు. ఆరునెలలు శిక్షణ తీసుకుని వచ్చారు. గైడు నన్ను ఆవిడకు పరిచయం చేశాడు. "సారు సీనియర్. ఐదువేల నాలుగొందలు చూసొచ్చారు."

టీచరమ్మ నాకు నమస్కారం పెట్టారు. ఎటు చూడాలో తెలియలేదు.

మే 8

మంచులో జారకుండా బూట్ల కింద ఇనప ముళ్ళ పట్టీలు కట్టుకోవాలి. పక్కవాళ్ళని చూసి కట్టుకున్నాను. గైడు వచ్చి నా కాళ్ళకేసి చాలాసేపు చూశాడు. "సార్, ముందు ముళ్ళు వెనక్కి ఉన్నాయి."

"అలా కూడా పనికొస్తాయేమో చూస్తున్నాను" అన్నాను.

టీచరమ్మ ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నేను వంగి పట్టీలు తిప్పి కట్టుకున్నాను.

మే 11, పై శిబిరం, 5,060 మీటర్లు, మధ్యాహ్నం 2.00

ఎలా వచ్చానో తెలియదు. తల పగిలిపోతోంది. పొద్దుటినుంచి తిన్నది ఏదీ లోపల ఉండలేదు. ఎవరూ చూడకుండా బండ వెనక్కి వెళ్ళొచ్చాను.

గైడు అందరినీ అడిగాడు. "తలనొప్పి ఎవరికైనా ఉందా?" నేను చెయ్యెత్తలేదు. ఎత్తే ఓపిక కూడా లేదనుకోండి.

రాత్రి 8.30, బేస్ క్యాంపు

ఇది వివరంగా రాయాలి.

సాయంత్రం నాలుగింటికి గైడు రేపు శిఖరం ఎక్కే ఏర్పాటు చెప్పాడు. ఏటవాలు మంచు. ముగ్గురేసి ఒక తాడుకి. "టీచరుగారు ముందు, మధ్యలో ఇంకొకరు, చివర సారు. ముందువాళ్ళు జారితే చివరాయన పట్టి ఆపాలి. సారుకి అనుభవం ఉంది కాబట్టి భయం లేదు."

కాగితం నా చేతికిచ్చాడు. తాడు, కొక్కేలు, ముళ్ళ పట్టీలు, మనిషి పరిస్థితి. కింద సంతకం. దాని పైన అదే మాట. సరిచూశాను.

ముందు తాడు చూశాను. ఆ పని నాకొచ్చు. మొత్తం యాభై మీటర్లూ వేళ్ళ మధ్యనుంచి లాగాను. ఒకచోట లోపల పోగులు తెగినట్టు మెత్తగా తగిలింది, గైడుకి చూపించాను. అతను మడిచి చూసి, మారుమాట్లాడకుండా వేరే తాడు తెచ్చాడు. "ఇలాంటి కళ్ళు ఉండాలి" అన్నాడు. టీచరమ్మ మొహంలో ఎంత నమ్మకమో.

ఆ నమ్మకమే నన్ను చంపేసింది. తాడు సరే. తాడు చివర కట్టబోయే మనిషిని ఎవరు చూశారు? ఆ మనిషి గురించి జనవరిలోనే నేను సంతకం పెట్టేశాను, చూడకుండా. నా చేతికింది లిఫ్టుకి ఇంకెవరైనా ఈ పని చేసుంటే కాలరు పట్టుకునేవాణ్ణి.

పెన్ను పక్కన పెట్టాను. తల నొప్పిగా ఉందని చెప్పాను. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే యంత్రం తెచ్చి చూశాడు. దాని అంకె అతనికి నచ్చలేదు.

"మీరు ఇంతకన్నా పైకే వెళ్ళారుగా సార్. అప్పుడు ఎలా ఉండింది?"

"అప్పుడు ఫ్యాను ఉండేది" అన్నాను.

మొత్తం చెప్పేశాను. ముప్ఫై ఒక్క అంతస్తులు, యాభై ఎనిమిదిసార్లు, అంతా. సిగ్గుతో చచ్చిపోయాను. గైడు కోపంతో ఎర్రబడ్డాడు, నవ్వబోయి ఆపుకున్నాడు, మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు. "రేపటిదాకా ఆగొద్దు. వెలుతురుండగానే మా సహాయకుడితో కిందికి దిగిపోండి" అన్నాడు.

టీచరమ్మ తన చిన్న పుస్తకం తీసి ఒక లైను కొట్టేశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఇప్పుడే చెప్పినందుకు థాంక్సండీ" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మే 13, బేస్ క్యాంపు

తలనొప్పి పోయింది. వాళ్ళు నిన్న శిఖరం చేరారని కబురొచ్చింది, టీచరమ్మతో సహా. చివర గైడే కట్టుకున్నాడట. వంట డేరా దగ్గర ఒంటరిగా కూర్చుని కాసేపు ఏడ్చాను. వాళ్ళు ఎక్కినందుకు సంతోషమా, నేను ఎక్కనందుకు బాధా అంటే రెండూ.

మే 18, సాయంత్రం 5.30

ఇల్లు. మా భవనం లిఫ్టు పనిచేయడం లేదు. నేను లేని రోజుల్లోనే పాడైందట. దానికీ నా మీద అంత ప్రేమ.

పెద్ద సంచితో మెట్లెక్కాను. మూడో అంతస్తులో అత్తయ్యగారు, కూరగాయల సంచి కింద పెట్టి, నడుముమీద చెయ్యేసి. నేనూ ఆగాను. ఈసారి అలసిపోకముందే.

"ఎంతెత్తు ఎక్కారు?" అన్నారు.

"ఐదువేల అరవై. ఇంకా పదకొండొందల చిల్లర ఉండిపోయింది."

"లిఫ్టు లేకుండానేనా?"

"కాళ్ళతోనే, అత్తయ్యా."

నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "కాళ్ళు తిరిగి తెచ్చుకున్నారుగా. పదండి" అని సంచి అందుకున్నారు.

మే 19, ఉదయం 6.10

నిర్ణయం తీసేసుకున్నాను. వచ్చే ఏడాది మే నెల. అదే శిఖరం. ప్రాథమిక శిక్షణతో సహా. గైడుకి ఫోన్ చేశాను. మొదట ఒప్పుకోలేదు. తర్వాత "ఫారం నిజంగా నింపుతారా?" అన్నాడు.

నింపాను. గరిష్ఠ ఎత్తు: 5,060. వివరాలు: అక్కడినుంచి దిగిపోయాను. సరిచూశాను. సంతకం.

ఊరికే కూర్చుని ఇంకో లెక్క కూడా వేశాను. నా పాత పద్ధతిలోనే. ఐదు అంతస్తులు, పదిహేను మీటర్లు. రోజుకి రెండుసార్లు. ఆరేళ్ళు. అత్తయ్యగారు ఎక్కిన ఎత్తు అరవై ఐదువేల ఏడొందల మీటర్లు. ఫ్యాను లేకుండా. ఆరేళ్ళూ ఆవిడ చేత ఆ ఎత్తు ఎక్కించింది, మొదటిరోజే ఆవిడను మధ్యలో ఆపేసిన నా చేతికింది లిఫ్టే.

ఆవిడకు చెప్పాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టి అడిగారు. "ఆ ఫారం ఇంకోటి ఉందా?"

పథకం:
1. రోజూ మెట్లు. అత్తయ్యగారి వెనకాల.
2. మూడో అంతస్తులో ఆగడం.
3. పంచదార బంద్. రేపటినుంచి, ఇవాళ కాఫీ కలిపేశారు.