ఎడమ మడ్గార్డు

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చెప్పేది నేను, రాసేది కోడలు. నువ్వు ఇంట్లో రేకులు కొట్టి సొంతంగా చేస్తున్న కారుకు ఎడమ మడ్గార్డు ఒక్కటే మిగిలింది కదా. నీ తమ్ముడు చౌటుప్పల్‌లో ప్లాస్టిక్‌ది కొంటానన్నాడు.

"రేకు కొట్టెటోడే పాయె. ఇగ ఎవలు కొడ్తరు వదినా?"

"మీ అన్న కొడ్తుంటె నలభై ఏండ్లు రేకు ఎనుక ఇనుప దిమ్మె పట్టింది ఎవలురా, నువ్వా?" అన్నాను.

సుత్తి నేనే పట్టాను. నీలాగే కొట్టబోతే దెబ్బలన్నీ ఒకేచోట పడి రేకు సాగి ఉబ్బింది. దాన్ని పారేసి, కొత్త రేకు తెచ్చి, సుత్తి కోడలికిచ్చాను. నేను నా పాత చోటే, రేకు వెనక కూర్చున్నాను. నేను వెనక నుంచి తట్టి దిమ్మె ఆనించిన చోటల్లా కొట్టమన్నాను. వంపు కుదిరింది.

నీ తమ్ముడు చూసి, "అచ్చం అన్న కొట్టినట్టే ఉన్నది" అన్నాడు.

"మీ అన్న గూడ నేను ఆనిచ్చిన కాడనే కొట్టిండు" అన్నాను.

ఊరంతా నీ చేతిని మెచ్చుకుంటుంటే, వెనక దిమ్మె పట్టింది నేనన్న మాట నువ్వు ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు బతికున్నా ఒప్పుకునేవాడివి కాదు. కానీ ఆ వంపును వేలితో తడిమి చూసి, వంక పెట్టకుండా ఊరుకునేవాడివి. నాకు అది చాలు.