నాలుక మీది సెల్లు, నుదుటి మీది కరెంటు

ఓబులేసూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నంద్యాలలో ఒక డాక్టరు ఉపన్యాసం విని వచ్చాను. నుదుటి మీద అతి తక్కువ కరెంటు పెడితే, మెదడు పైపొరలో కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయనాలు మారతాయేమోనని పరీక్షిస్తున్నారట.

ఆళ్లగడ్డలో మన రేడియో అంగడి గుర్తుకొచ్చింది. బ్యాటరీ సెల్లులో పస ఉందో లేదో నాలుకతో చూస్తూ నువ్వడిగావు: "అన్నా, నాలిక్కే ఇంత చురుక్కుమంటాంటే, తలకు పెడితే లోపల ఏమైతాదో?"

"నీ తలకాయలో ఏముందబ్బీ, అయ్యేదానికి?" అని అంగడంతా నవ్వించాను.

ఆ మాట నీకు తట్టి నాకు తట్టలేదని ఈరోజు కడుపు మండింది. సభలో లేచి, ఆ ప్రశ్న ఎప్పుడో నేనే అడిగానన్నాను. చప్పట్లు కొట్టారు.

"మరి అప్పుడేం చేశారు?" అన్నాడు డాక్టరు.

"నవ్వినా సార్," అన్నాను.

నేను చెప్పినవాటిలో అదొక్కటే నాది.